కాటాకు అందని కొవ్వు

2016–18 మధ్య దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పక్కపక్కన పెట్టి చూడాల్సిన అంకెలు మూడున్నాయి. ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో ఎత్తుకు తగ్గ ఒళ్లు లేక సన్నగా ఉన్నవాళ్లు నూటికి 23 మంది. అధిక బరువున్నవాళ్లు నూటికి నలుగురు. నెత్తుటిలో తిరిగే కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు, ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నవాళ్లు నూటికి 34 మంది. మొదటి రెండు అంకెలూ కాటా, కొలబద్ద చెప్పినవి. మూడోది సిరంజి చెప్పింది. దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. బరువెక్కిన ఆ నలుగురి నెత్తుట్లోనూ కొవ్వు ఎక్కువే ఉందనుకున్నా, మిగతా ముప్పైమంది బొద్దుగా లేనివాళ్లే. వాళ్లలో చాలామందిని చూసి ఏ అమ్మమ్మా ‘ఒళ్లు చేశాడు’ అనదు. ‘చిక్కిపోయాడు, ఇంకో ముద్ద పెట్టు’ అనే అంటుంది.

పిల్లల స్థూలకాయం మాట వచ్చినప్పుడల్లా మనం మొదట అడిగేది బరువెంత అని. మన పిల్లల విషయంలో ఆ ప్రశ్న ఆలస్యంగా అడిగే ప్రశ్న. కొవ్వు సంగతి కాటాకు తెలిసేలోపే నెత్తురుకు తెలిసిపోతుంది. ఒక్కోసారి కాటాకు ఎప్పటికీ తెలియదు కూడా. అలాగని రక్తపరీక్ష కాగితాన్ని పిల్లాడి జాతకచక్రంలా చదవడానికీ లేదు. అందులో ఉన్నది ఇవాళ్టి జమాఖర్చు. రేపు ఏమవుతుందన్నది దాన్నుంచి కొంతవరకే ఊహించగలం. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే కొవ్వు నెత్తుట్లోకి వచ్చే దారులు చూడాలి.

దారులు ముఖ్యంగా రెండు. ఒకటి భోజనం నుంచి వచ్చేది. పప్పులో వేసిన నెయ్యి, వేపుడులోని నూనె పేగుల్లో జీర్ణమై సన్నటి బొట్లుగా రక్తంలోకి చేరతాయి. బాగా నెయ్యీ నూనే పడిన విందు తర్వాత తీసిన రక్తాన్ని కాసేపు నిలవ ఉంచితే పైన పాలలా తెల్లగా తేలడం ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు మామూలే. పరీక్షకు పరగడుపున రమ్మనేది అందుకే. రెండో దారి లివర్. తిన్న అన్నం, చక్కెర, బిస్కెట్లు శరీరానికి కావలసిన దానికంటే ఎక్కువైతే, మిగిలిన పిండిపదార్థాన్ని లివర్ కొవ్వుగా మార్చి, మూటలు కట్టి, రక్తంలోకి వదులుతుంది. నూనె పెద్దగా ముట్టని పిల్లకు కూడా ట్రైగ్లిజరైడ్లు పెరిగేది ఈ దారినే. ఈ రాకపోకలన్నిటికీ పెత్తందారు ఇన్సులిన్. భోజనం చేయగానే అది కండరాలను చక్కెర లాక్కోమంటుంది, కొవ్వు కణాలను తలుపులు మూసి దాచుకోమంటుంది. ఆ మాట వినడం తగ్గితే కొవ్వు కణాల్లోంచి కొవ్వు కారుతూ లివర్‌కు చేరుతుంది. లివర్ మరిన్ని మూటలు కడుతుంది. రక్తంలో ఆ మూటలు ఎక్కువైనప్పుడు, మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలుచుకునే హెచ్‌డీఎల్ తన సరుకు వాటికిచ్చి వాటి సరుకు తాను మోస్తూ త్వరగా అరిగిపోతుంది. రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు పైకి, హెచ్‌డీఎల్ కిందకి జంటగా కనిపించడానికి కారణం ఇదే. అనుభవమున్న డాక్టర్లు మొత్తం కొలెస్ట్రాల్ అంకె మీద కన్ను ఎక్కువసేపు నిలపకుండా ఈ జంట వైపు జరుగుతారు. పైన చెప్పిన సర్వేలోనే చూడండి. మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువున్న పిల్లలు నూటికి ముగ్గురే, హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లు 26 మంది.

కొవ్వు కణాన్ని మనం తిట్టినంతగా మరే కణాన్నీ తిట్టం. అది చేసే పని మాత్రం గాదె చేసే పని. వడ్లు గాదెలో ఉన్నంతకాలం ఇంటికి చింత లేదు. గాదె నిండిపోయి వసారాలో, వంటింట్లో, పడకగదిలో పోసుకోవలసి వచ్చినప్పుడే ఎలుకలూ బూజూ మొదలవుతాయి. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు అందరికీ ఒకేలా ఉండదు. దక్షిణాసియా వాళ్లకు ఆ గాదె చిన్నదనీ, త్వరగా నిండిపోయి కొవ్వు పొట్ట లోపలికీ లివర్‌లోకీ పొర్లుతుందనీ చాలామంది పరిశోధకులు వాదిస్తారు. ఈ మాట నిజమైతే ఒక విచిత్రం జరగాలి. ఎక్కువ లావెక్కకుండానే మనవాళ్ల నెత్తుట్లో కొవ్వు పొర్లిన ఆనవాళ్లు కనిపించాలి. సర్వే చూపించింది అదే.

ఇక ఆనవాళ్లను ఎలా చదవాలన్నది. ఇందులో లెప్టిన్ కథ కంటే మంచి పాఠం లేదు. 1949లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ ప్రయోగశాల పెంచుతున్న చిట్టెలుకల్లో కొన్ని బంతుల్లా లావెక్కాయి. తర్వాత అక్కడే ఇంకో లావు జాతి బయటపడింది. డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త రెండేసి ఎలుకలను పక్కపక్కన కుట్టి వాటి నెత్తురు కలిసేలా చేశాడు. మొదటి జాతి లావెలుకను మామూలు ఎలుకకు జత చేస్తే లావెలుక తిండి తగ్గించింది. రెండో జాతి లావెలుకను జత చేస్తే మామూలు ఎలుకే తిండి మానేసి మాడి చచ్చింది. కోల్‌మన్ తేల్చింది ఏమిటంటే, ‘ఇక చాలు’ అనే కబురొకటి నెత్తుట్లో ప్రయాణిస్తుంది. మొదటి జాతికి ఆ కబురు పుట్టదు, రెండో జాతికి కబురు కుప్పలుగా పుడుతుంది కానీ వినబడదు. 1994లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ కబురుకు మూలమైన జన్యువును పట్టుకుంది. కొవ్వు కణమే ఆ కబురును పంపుతుందని తేలింది. ఆ కబురే లెప్టిన్. మూడేళ్లకు కేంబ్రిడ్జ్ వైద్యులు పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబంలో ఇద్దరు పిల్లల సంగతి ప్రకటించారు. ఎనిమిదేళ్ల పాప బరువు 86 కిలోలు, రెండేళ్ల బాబు బరువు 29 కిలోలు. వాళ్ల నెత్తుట్లో లెప్టిన్ దాదాపు లేదు. తర్వాత ఆ పాపకు లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టగానే ఆకలి అదుపులోకి వచ్చింది, బరువు దిగింది.

ఆ రోజుల్లో లోకమంతా ఎగిరి గంతేసింది, స్థూలకాయానికి ఇన్సులిన్ లాంటి మందు దొరికిందని. తీరా చూస్తే మామూలుగా లావెక్కినవాళ్ల నెత్తుట్లో లెప్టిన్ తక్కువ లేదు, చాలా ఎక్కువుంది. వాళ్లకు ఇంకాస్త ఎక్కించినా పెద్దగా ఫలితం రాలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇలాంటి చెవిటితనానికి మన ఊళ్లోనే ఒక నమూనా ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ తరాలుగా పెంచుతున్న ఎలుకల్లో 1990లలో ఒక లావు జాతి దానంతటదే పుట్టుకొచ్చింది. పెద్దయ్యాక కిలో దాటే ఆ ఎలుకల నెత్తుట్లో లెప్టిన్, ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు మూడూ ఎక్కువే. ఈ కథంతా చెప్పడం దేనికంటే, రక్తంలో ఒక అంకె పెరిగిందంటే ఆ వస్తువే జబ్బు తెచ్చిందని అర్థం కాదు. పెరిగిన లెప్టిన్ గాదె నిండిందన్న కేక. పెరిగిన ఇన్సులిన్ వినని ఇంటి ముందు పెత్తందారు గొంతు పెంచడం. కేక వినబడితే ఎవరు అరిచారో, ఎందుకు అరిచారో వెతకాలి.

మన పిల్లల్లో ఈ కేక ఎప్పుడు మొదలవుతుంది? ఈ ప్రశ్నకు అందరికంటే ఓపికగా జవాబు వెతికింది పుణేలోని కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్. 1993 నుంచి పుణే దగ్గర ఆరు పల్లెల్లో గర్భిణులనూ వాళ్ల బిడ్డలనూ ఆయన బృందం వెంటబడి గమనిస్తూ వచ్చింది. అక్కడి పాపాయిలు పుట్టినప్పటి సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పాపాయిలది 3.5 కిలోలు. పుణే పాపాయిల్లో కండ తక్కువ, పొట్టలోని అవయవాలు చిన్నవి. అన్నీ తగ్గినా వీపు మీద రెక్క ఎముక కింద చర్మాన్ని మడిచి కొలిస్తే కొవ్వు మాత్రం దాదాపు తగ్గలేదు. బొడ్డుతాడు రక్తం తీసి లండన్‌లోని తెల్లజాతి శిశువులతో పోల్చినప్పుడు, అంత చిన్న పుణే పాపాయిల్లో ఇన్సులిన్ ఎక్కువుంది, బరువుతో బేరీజు వేస్తే లెప్టిన్ కూడా ఎక్కువే. ‘సన్నగా కనిపించే కొవ్వు బిడ్డ’ అన్న మాట అక్కణ్నుంచి పుట్టింది. పెద్దవాళ్లలో ఇదెలా ఉంటుందో చూపడానికి యాజ్ఞిక్, ఆయన లండన్ మిత్రుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫోటోనే వేసుకున్నారు. ఎత్తుకూ బరువుకూ ఉన్న పొంతనను చెప్పే బీఎంఐ ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. వైద్య పత్రికల్లో ఇంత హాస్యంగా, ఇంత పదునుగా వాదించిన పేజీ అరుదు.

పుట్టుకతోనే అంతా రాసిపెట్టి ఉందా అంటే, ఢిల్లీ నుంచి వచ్చిన ఆధారం అలా అనడం లేదు. 1969–72 మధ్య అక్కడ పుట్టినవాళ్లను చిన్నప్పటి నుంచీ పదేపదే తూచి, ముప్పై ఏళ్ల వయసు దగ్గర 1,492 మందికి చక్కెర పరీక్ష చేశారు. మామూలుగా పిల్లలు ఏడాది నిండేసరికి బొద్దుగా ఉండి, నడకా పరుగూ వచ్చాక సన్నబడి, ఐదారేళ్ల తర్వాత మళ్లీ ఒళ్లు పట్టడం మొదలుపెడతారు. పెద్దయ్యాక చక్కెర జబ్బు వైపు జారినవాళ్లు రెండేళ్ల దాకా సన్నగా ఉండి, మిగతావాళ్లకంటే ముందే మళ్లీ ఒళ్లు పట్టి, ఆ తర్వాత కాస్త కాస్తగా ఎక్కుతూనే పోయారు. వాళ్లలో పన్నెండేళ్ల వయసుకు స్థూలకాయుడని ముద్ర వేయదగ్గ పిల్లాడు ఒక్కడూ లేడు. ఏ పుట్టినరోజు ఫోటో చూసినా మామూలు పిల్లాడే. తప్పు ఏ ఒక్క ఫోటోలోనూ లేదు, ఫోటోలన్నీ వరసగా పేరిస్తే కనిపించే వాలులో ఉంది. మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రి పిల్లల్లోనూ ఇలాంటి దోబూచులాటే. తల్లికి గర్భంతో ఉండగా చక్కెర జబ్బు ఉన్న బిడ్డలు పుట్టినప్పుడు పెద్దగా ఉన్నారు, ఏడాదికి తేడా మాయమైంది, ఐదేళ్లకు ఆడపిల్లల్లో కొవ్వు మడతలుగానూ ఇన్సులిన్‌గానూ తిరిగొచ్చింది.

సరే, నెత్తురుకు ముందే తెలుస్తున్నప్పుడు చంటిబిడ్డ రక్తంలోనే భవిష్యత్తు చదివేయవచ్చు కదా? చాలామంది ప్రయత్నించారు. యూరప్‌లోని ఐదు దేశాల్లో డబ్బాపాలు తాగే శిశువులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మాంసకృత్తులు ఎక్కువున్న పాలపొడి, ఇంకో జట్టుకు తక్కువున్నది ఇచ్చారు. ఆరేళ్లకు మొదటి జట్టులో స్థూలకాయం 10 శాతం, రెండో జట్టులో 4.4 శాతం. ఆ పిల్లల శైశవపు రక్తనమూనాల్లో వందకు పైగా పదార్థాలను జల్లెడ పడితే, పధ్నాలుగు కర్బన పరమాణువుల కొవ్వు గొలుసున్న ఒక లైసోఫాస్ఫాటిడిల్‌కోలీన్ మాత్రం తొలి నెలల వేగవంతమైన ఎదుగుదలతోనూ, ఆరేళ్లనాటి లావుతోనూ గట్టిగా ముడిపడి కనిపించింది. ఆశ పుట్టించే సంగతే. కానీ అదే ఉత్సాహంతో బోస్టన్ ప్రాంతంలో జరిగిన ప్రాజెక్ట్ వీవా అనే అధ్యయనంలోని పిల్లల్ని చూస్తే, బొడ్డుతాడు రక్తంలో లెప్టిన్ ఎక్కువున్నవాళ్లు మూడేళ్ల వయసుకు లావుగా లేరు సరికదా, బీఎంఐ తక్కువగా ఉంది. పదేళ్ల పిల్లాడిలో ప్రమాదానికి గుర్తయిన అంకె, అప్పుడే పుట్టిన బిడ్డలో మేలుకు గుర్తయింది. వయసు చెప్పకుండా అంకె చెబితే అర్థం లేదన్నమాట. పైగా వెయ్యిమంది సగటులో నిజమైంది మీ ఒక్క బిడ్డ విషయంలో నిజం కావాలని లేదు. నైరుతి బాగుంటుందని వాతావరణశాఖ చెప్పినా మన చేలో వాన పడుతుందన్న హామీ లేనట్టే. పసిపిల్లల రక్తం చూసి స్థూలకాయం వస్తుందో రాదో చెబుతామనే పరీక్ష ఎవరైనా అమ్మజూపితే, ఇప్పటికైతే డబ్బు దాచుకోవడమే మంచిది.

ఈ వాదన మీద వచ్చే అభ్యంతరాల్లో గట్టిది కొలమానం గురించి. 34 శాతం అన్న అంకె అమెరికా పిల్లల కోసం గీసిన గీత మీద ఆధారపడింది. తొమ్మిదేళ్ల దాకా డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు, పదేళ్ల నుంచి 130 దాటితే ఎక్కువ అని ఆ గీత. పదేళ్లు దాటినవాళ్లలో 34 కాస్తా 16 శాతానికి పడిపోవడంలో కొంత భాగం గీత ఒక్కసారిగా పైకి జరగడం వల్లే అయి ఉంటుంది. పదో పుట్టినరోజున ఎవరి నెత్తురూ శుభ్రపడదు. జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చినా ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మన పల్లెల్లో పిల్లలకు అవి కొదవ లేదు. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. కాబట్టి 34ను అక్షరాలా పట్టుకుని ఊగనక్కర్లేదు. అయితే హెచ్‌డీఎల్ కూడా జంటగా తగ్గి కనిపించడం, పుణేలో బొడ్డుతాడు నుంచే ఇన్సులిన్ ఎక్కువుండడం ఒకే దిక్కు చూపుతున్నాయి. ఇక ‘అన్నం తినడం వల్లే ఇదంతా’ అనేవాళ్లకు ఆ సర్వేయే అడ్డం పడుతుంది. ట్రైగ్లిజరైడ్లు అత్యధికంగా ఉన్నది పశ్చిమ బెంగాల్‌లో, నిజమే, అది అన్నం తినే నేల. అతి తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో కేరళ ఉంది. అదీ అన్నం తినే నేలే. కంచంలో అన్నం పక్కన పప్పూ చేపా కూరా ఎంత పడ్డాయి, పిల్లాడు ఎంత పరుగెత్తాడు, తల్లి గర్భంలో ఏం జరిగింది అన్నవి లేకుండా ఒక్క బియ్యపుగింజను బోనులో నిలబెట్టలేం.

అయితే పిల్లలందరికీ పరీక్షలు చేయించాలా? అమెరికాలో 2011లో ఒక నిపుణుల సంఘం 9–11 ఏళ్ల మధ్య ఒకసారి, 17–21 మధ్య ఒకసారి ప్రతి పిల్లవాడికీ కొలెస్ట్రాల్ పరీక్ష చేయమంది. 2023లో అక్కడే నివారణ సేవల కార్యదళం అలా అందరికీ చేయడం మంచిదో కాదో చెప్పేటన్ని ఆధారాలు లేవంది. ఆలోచించి చూస్తే రెండోదే మన జేబుకీ బుద్ధికీ దగ్గర. ‘పెద్దయ్యాక చూసుకోవచ్చులే’ అనడం మాత్రం వేరే సంగతి. లూసియానాలోని బొగలూసా పట్టణపు అధ్యయనం, ప్రమాదాల్లోనూ ఇతర కారణాలతోనూ చనిపోయిన పిల్లలనూ యువకులనూ పరీక్షించి, 2–15 ఏళ్ల వాళ్లలోనే దాదాపు సగం మందికి గుండె రక్తనాళాల్లో కొవ్వు చారలు ఉన్నాయని 1998లో చూపింది. చార అంటే జబ్బు కాదు, అది పెరగకుండా ఆగవచ్చు కూడా. కానీ మొదలు అక్కడే. కాబట్టి ఎవరిని పరీక్షకు పంపాలో ముందు కంటితో, తాడుతో తేల్చుకోవడం మేలు. బడికి వెళ్లే వయసు పిల్లాడి ఎత్తును తాడుతో కొలిచి, సగానికి మడిచి, నడుముకు చుట్టి చూడండి. కొసలు కలవకపోతే పొట్టలో కొవ్వు చేరుతోందని అర్థం. మెడ వెనక నల్లగా, దళసరిగా, మఖమల్ గుడ్డలా ఉన్న చారను మురికనుకుని సున్నిపిండితో రుద్దే తల్లులు ఎందరో. అది తరచుగా పెరిగిన ఇన్సులిన్ వేసే గుర్తు, ఎంత తోమినా పోదు. తల్లికి గర్భంతో ఉండగా చక్కెర జబ్బు ఉండడం, తక్కువ బరువుతో పుట్టి బడి వయసులో ఉన్నట్టుండి ఒళ్లు చేయడం కూడా లెక్కలోకి వస్తాయి. భారతీయ పిల్లల వైద్యుల అకాడమీ 2015 నాటి ఎదుగుదల పటాల్లో, పెద్దవాళ్ల బీఎంఐ 23కు, 27కు సరితూగే చోట గీతలు గీసింది; పాశ్చాత్య పటాల్లో అవి 25, 30. ఈ గుర్తులున్న, ఆ గీతలు దాటిన పిల్లలకు పరగడుపున చేసే మామూలు లిపిడ్ పరీక్ష, చక్కెర పరీక్ష సరిపోతాయి. లెప్టిన్, అడిపోనెక్టిన్ అంటూ పేర్లు పేర్చిన ఖరీదైన ప్యాకేజీలు చికిత్సను ఏమీ మార్చవు, పరిశోధకులకు తప్ప ఎవరికీ పనికిరావు.

పరీక్ష తర్వాత ఏం చేస్తే అంకె కదులుతుందన్న ప్రశ్నకు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఒక జవాబుంది. 1987–90 మధ్య రంగారెడ్డి జిల్లాలోని 29 ఊళ్లలో, 15 ఊళ్ల గర్భిణులకూ ఆరేళ్ల లోపు పిల్లలకూ అంగన్‌వాడీ పథకం కింద రోజూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చాక పరిశోధకులు మళ్లీ వెళ్లి 1,165 మందిని పరీక్షించారు. చిన్నప్పుడు తిండి పెంచితే పెద్దయ్యాక లావవుతారేమోనన్న భయం ఉండేది. అలా జరగలేదు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు, ఇన్సులిన్ మాట వినని గుణం వాళ్లలో 20 శాతం తక్కువుంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్లు, కొలెస్ట్రాల్ మాత్రం రెండు రకాల ఊళ్లలోనూ చెప్పుకోదగ్గ తేడా లేకుండా ఉన్నాయి. రక్తం తీసినవాళ్లు లిపిడ్ పరీక్ష ఒక్కటే చేసి ఊరుకుని ఉంటే, ఆ పదిహేను ఊళ్ల పిల్లల నెత్తుట్లో ఉప్మా వల్ల ఏ మార్పూ రాలేదని రాసుకుని వెళ్లిపోయేవాళ్లు.